ఆగని 19 నిమిషాలు: గ్లోరియా గేనర్ తొలి ఆల్బమ్, డిస్కో తొలినాళ్లు

గ్లోరియా గేనర్ అనే నల్లజాతి అమెరికన్ గాయని పాడిన తొలి ఆల్బమ్ ‘నెవర్ కెన్ సే గుడ్‌బై’ని 1975 జనవరిలో ఎం.జి.ఎం. రికార్డ్స్ సంస్థ విడుదల చేసింది. ఎనిమిది పాటలున్న ఆ ఎల్.పి. రికార్డులో రెండో వైపు నాటి ఆనవాయితీ ప్రకారమే విడివిడిగా అయిదు పాటలతో సాగుతుంది గాని, మొదటి వైపున ఉన్న మూడు పాటలు మాత్రం మధ్యలో ఎక్కడా నిశ్శబ్దం లేకుండా, దరువు తెగకుండా, సుమారు 19 నిమిషాల పాటు ఒకే ప్రవాహంగా వినిపిస్తాయి. ఒక గాయని ఆల్బమ్‌లో ఒక వైపునంతా నృత్యశాల కోసమే ఇలా కూర్చిన తొలి ప్రసిద్ధ ఉదాహరణగా సంగీత చరిత్రకారులు సాధారణంగా ఈ రికార్డునే పేర్కొంటారు.

ఆల్బమ్‌గా దీనికి వచ్చిన ఆదరణ చెప్పుకోదగినదే అయినా అసాధారణమైనది కాదు. బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే అమెరికన్ ఆల్బమ్‌ల జాబితాలో ఇది 25వ స్థానం దాకా వెళ్లింది. గేనర్ పేరు ప్రపంచమంతా మారుమోగింది దాదాపు నాలుగేళ్ల తరవాత వచ్చిన ‘ఐ విల్ సర్వైవ్’ పాటతోనే. అయినప్పటికీ జనాదరణ పొందిన సంగీతంలో పాట అనే ప్రమాణం ఎలా మారిందో, పాడేవారికీ రికార్డింగును మలిచేవారికీ మధ్య అధికారం ఎలా పంచుకోబడిందో తెలుసుకోవడానికి ఈ తొలి ఆల్బమ్‌కు మించిన ఆధారం దొరకదు. దాని రెండు వైపులూ రెండు వేర్వేరు అవసరాలకు తయారైనవి: ఒకటి నృత్యశాల కోసం, మరొకటి రేడియో అలవాటు చేసిన కొలత ప్రకారం.

చర్చి నుంచి స్టూడియోకు

సోల్ అని పిలిచే సంగీతం 1950ల మధ్యలో రూపుదిద్దుకుంది. నల్లజాతి క్రైస్తవ చర్చిలలో పాడే గాస్పెల్ అనే భక్తి గానంలోని ఆవేశాన్నీ, ప్రధాన గాయకుడు ఒక మాట అంటే బృందం దానికి జవాబు పాడే పద్ధతినీ, రిథమ్ అండ్ బ్లూస్ అనే లౌకిక నృత్య సంగీతంతో కలిపి రే చార్ల్స్, శామ్ కుక్ వంటివారు ఈ శైలికి పునాది వేశారు. 1967లో అరీథా ఫ్రాంక్లిన్ అట్లాంటిక్ సంస్థకు పాడిన రికార్డులతో సోల్ గాయని అంటే కంఠబలంతో, అనుభవంతో పాటను తన సొంతం చేసుకునే వ్యక్తి అనే భావన స్థిరపడింది. ఈ సంప్రదాయంలో వాద్యాలు గాయనికి ఆసరాగా నిలుస్తాయి; ఆమె శ్వాస తీసుకుంటే అవీ తగ్గుతాయి, ఆమె స్వరం పెంచితే అవీ పెరుగుతాయి.

అదే కాలంలో డెట్రాయిట్ నగరంలో బెర్రీ గోర్డీ నెలకొల్పిన మోటౌన్ సంస్థ సోల్ సంగీతాన్ని మరో దారిలో నడిపించింది. కొంతకాలం కార్ల కర్మాగారంలో పనిచేసిన గోర్డీ, పాట రాసేవారు, వాద్య బృందం, గాయకులు, నాణ్యత పరీక్షించేవారు ఎవరి పని వారు చేస్తూ వరుసగా రికార్డులను తయారుచేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కారులో రేడియో వినే యువతను దృష్టిలో పెట్టుకుని మూడు నిమిషాల్లోపు ముగిసేలా, మొదటి క్షణం నుంచే చెవిని పట్టేలా అక్కడి పాటలు ఉండేవి. గేనర్ ఆల్బమ్‌లోని మొదటి వైపును ముగించే ‘రీచ్ అవుట్, ఐ విల్ బి దేర్’ అలాంటి మోటౌన్ పాటే. హాలండ్, డోజియర్, హాలండ్ అనే రచయితల త్రయం రాసిన ఆ పాటను 1966లో ఫోర్ టాప్స్ బృందం మొదట పాడింది.

1970ల ఆరంభంలో ఈ రంగంలో ఫిలడెల్ఫియా నగరం ముందుకు వచ్చింది. కెన్నెత్ గాంబుల్, లియాన్ హఫ్ 1971లో స్థాపించిన సంస్థ, సిగ్మా సౌండ్ స్టూడియోలో వయొలిన్ల సమూహాన్నీ, ఇత్తడి బూరలనూ సోల్ కంఠాలతో మేళవించింది. అక్కడి డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ 1973లో హెరాల్డ్ మెల్విన్ బృందం పాడిన ‘ది లవ్ ఐ లాస్ట్’ పాటకు వాయించిన తీరు తరవాతి దశాబ్దపు నృత్య సంగీతానికి మూసగా మారింది. నాలుగు మాత్రల ఆవర్తంలో ప్రతి మాత్రకూ కాలితో మోగించే పెద్ద డ్రమ్ము సమానంగా పడుతుండగా, హై-హ్యాట్ అనే జంట ఇత్తడి తాళాలు మాత్రల నడుమ తెరుచుకుంటూ మూసుకుంటూ బుసకొట్టినట్టు మోగడం ఆ తీరులోని ముఖ్య లక్షణం. పాట వేగం మారనివ్వని ఈ దరువు వల్ల, ఒక రికార్డు తరవాత మరొక రికార్డును అడుగు తప్పకుండా కలపడం సులభమైంది.

రికార్డులతో నడిచిన నృత్యశాలలు

ఈ సౌలభ్యం ఎవరికి అవసరమైందో తెలియాలంటే నాటి న్యూయార్క్ నృత్యశాలలను చూడాలి. వాద్య బృందాన్ని పిలవకుండా, రికార్డులు మాత్రమే వేసి రాత్రంతా జనాన్ని ఆడించే శాలలను డిస్కొతెక్‌లు అనేవారు. వాటి పేరు కుదించుకుపోయి డిస్కో అయింది, తరవాత అక్కడ మోగే సంగీతానికీ అదే పేరు స్థిరపడింది. 1960లలో సంపన్నుల వినోదంగా ఉన్న ఈ శాలలు 1970 నాటికి నల్లజాతివారు, స్పానిష్ మాట్లాడే ప్యూర్టో రికన్లు, స్వలింగ ప్రేమికులు స్వేచ్ఛగా కలుసుకునే చోట్లుగా మారాయి. ఇద్దరు పురుషులు జంటగా ఆడితే పోలీసులు జోక్యం చేసుకునే పరిస్థితి ఆ నగరంలో 1970ల ఆరంభం దాకా ఉండేది కాబట్టి, 1969 జూన్‌లో స్టోన్‌వాల్ అనే బారులో పోలీసు దాడికి వ్యతిరేకంగా జరిగిన తిరుగుబాటు తరవాత ఈ శాలల్లో ఆడటం వినోదంతో పాటు ఒక హక్కును అనుభవించడం కూడా అయింది.

1970 ఫిబ్రవరిలో డేవిడ్ మాన్‌క్యూసో తన నివాసంలోనే, ఆహ్వానితుల కోసం, మద్యం అమ్మకుండా మొదలుపెట్టిన ‘లాఫ్ట్’ విందులు ఈ సంస్కృతికి ఒక కేంద్రమైతే, పాత చర్చి భవనంలో నడిచిన ‘శాంక్చువరీ’ మరో కేంద్రం. అక్కడ ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే, అంటే రికార్డులు ఎంచి వేసే వ్యక్తి, రెండు తిరుగుడు బల్లల మీద రెండు రికార్డులను ఉంచి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒకదాని దరువు మరొకదానితో కలిసే క్షణాన మార్చే నేర్పును సాధించాడు. దీనితో డీజే కేవలం రికార్డులు మార్చేవాడిగా మిగలక, రాత్రి మొత్తానికి ఆకృతి కల్పించే కళాకారుడయ్యాడు.

ఈ శాలలకు రికార్డులను పంపే పద్ధతి సంగీత సంస్థలకు అప్పటికి లేదు; వాటి వ్యాపారమంతా రేడియో మీదే నడిచేది. అయితే 1973లో కామెరూన్ కళాకారుడు మను దిబాంగో పాడిన ‘సోల్ మకోసా’ నృత్యశాలల్లో పుట్టిన గిరాకీతోనే అమెరికన్ రేడియోకు చేరడం, 1974 వేసవిలో హ్యూస్ కార్పొరేషన్ బృందపు ‘రాక్ ద బోట్’, జార్జ్ మెక్‌క్రే పాడిన ‘రాక్ యువర్ బేబీ’ ఒకదాని వెంట ఒకటి దేశంలో ప్రథమ స్థానం పొందడం చూసి, ఆడేవారే ముందు కొంటారని, వారి వెంటే రేడియో వస్తుందని ఆ సంస్థలు గ్రహించాయి. 1974 అక్టోబర్ 26 నుంచి బిల్‌బోర్డ్ పత్రిక న్యూయార్క్ నృత్యశాలల్లో ఆదరణ పొందుతున్న పాటల జాబితాను ప్రచురించసాగింది.

డీజేలకు తీరని ఇబ్బంది ఒకటి మిగిలింది. నిమిషానికి 45 చుట్లు తిరిగే 7 అంగుళాల సింగిల్ రికార్డు మీద పాట మూడు, నాలుగు నిమిషాలకు మించితే శబ్దం బలహీనపడేది. రికార్డు మీది గాడి శబ్దాన్ని బట్టి అటూ ఇటూ ఊగుతుంది; బాస్ వంటి లోతైన ధ్వనులకు ఆ ఊపు పెద్దది కాబట్టి గాడుల మధ్య ఎక్కువ దూరం ఉంచాలి; దూరం పెంచితే ప్లేటు మీద పట్టే సమయం తగ్గుతుంది. నృత్యశాలకు కావలసినవి సరిగ్గా ఆ లోతైన ధ్వని, ఆ ఎక్కువ సమయమే. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల ఎల్.పి. ఒక్కో వైపు 20 నిమిషాల దాకా సంగీతాన్ని మోయగలదు గాని, దానిని విడిపాటల సంపుటిగా తప్ప మరో విధంగా అప్పటికి ఎవరూ పెద్దగా వాడుకోలేదు.

టేపు మీద చేసిన పని

ఆ అవకాశాన్ని గుర్తించిన టామ్ మౌల్టన్ వృత్తిరీత్యా డీజే కాదు. రికార్డు సంస్థల్లో అమ్మకాల పని చేసి, ఆ వ్యాపారం మీద విసుగుతో బయటికి వచ్చి ఫ్యాషన్ మోడల్‌గా ఉన్న కాలంలో అతను న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలండ్ అనే ద్వీపంలోని నృత్యశాలను గమనించాడు. ఒక పాట ఊపందుకుని జనం మైమరచి ఆడుతుండగానే అది ముగిసిపోయి, వేరే వేగంలో మరొకటి మొదలవుతుండటంతో చాలామంది వేదిక విడిచి వెళ్లడం అతని కంట పడింది. ఆ లోపాన్ని సరిదిద్దాలని అతను ఇంట్లో టేపు రికార్డరు ముందు కూర్చుని, పాటలను ఒకదానిపై ఒకటి కప్పుతూ, వేగాలు సరిచేస్తూ, టేపును కోసి అతికిస్తూ ఆగకుండా సాగే సంకలనాలను తయారుచేశాడు. ఫైర్ ఐలండ్‌లోని ‘సాండ్‌పైపర్’ శాలలో అవి మోగి పేరు తెచ్చుకున్నాయి.

ఆ పేరుతో రికార్డు సంస్థలు అతనికి అసలు రికార్డింగులనే అప్పగించసాగాయి. మల్టీట్రాక్ టేపు అంటే డ్రమ్ములు, బాస్ గిటార్, వయొలిన్లు, బూరలు, కంఠం వేర్వేరు ట్రాకులలో నమోదైన వెడల్పాటి టేపు; వాటిలో దేనిని ఎప్పుడు ఎంత వినిపించాలో నిర్ణయించి తుది రూపమివ్వడమే మిక్సింగ్. అప్పటిదాకా ఇది ఇంజనీరు చేసే సాంకేతికమైన ముగింపు పని. మౌల్టన్ దీన్ని రచనగా మార్చాడు. కంఠాన్నీ, తీగ వాద్యాలనూ తొలగించి డ్రమ్ములు, బాస్ మాత్రమే మిగిల్చి, ఆ తరవాత ఒక్కొక్క వాద్యాన్నీ తిరిగి చేరుస్తూ ఉత్కంఠ పెంచే ‘బ్రేక్’ అనే భాగాన్ని పాట మధ్యలో నిర్మించడం అతని ముఖ్య పద్ధతి. 1974లో బి.టి. ఎక్స్‌ప్రెస్ బృందం పాడిన ‘డూ ఇట్’ అనే చిన్న పాటను ఈ విధంగా దాదాపు ఆరు నిమిషాలకు పెంచగా, అది దేశంలో రెండో స్థానం దాకా వెళ్లింది.

ఆగకుండా సాగే రికార్డు అనే ఆలోచన పూర్తిగా కొత్తదని చెప్పడం సరికాదు. జర్మనీలో జేమ్స్ లాస్ట్ తన వాద్య బృందంతో 1965 నుంచే విందుల కోసం పాటల మాలికలను ఎల్.పి.లుగా తెచ్చాడు. అమెరికాలో ఐజాక్ హేస్ 1969లో ‘హాట్ బటర్డ్ సోల్’ ఆల్బమ్‌లో ఒకే పాటను 18 నిమిషాలకు పైగా సాగదీశాడు. అయితే లాస్ట్ మాలికల్లో ప్రసిద్ధమైన బాణీలను బృందం ముక్కలుగా వాయించేది. హేస్ పాటలోని నిడివిలో ఎక్కువ భాగం గాయకుడు నెమ్మదిగా చెప్పుకుపోయే మాటలది. మౌల్టన్ చేసింది ఈ రెండింటికీ భిన్నం: పూర్తి స్థాయి సోల్ రికార్డింగులను తీసుకుని, పాడటం అయిపోయిన తరవాత, టేపు మీద వాటి పొడవునూ క్రమాన్నీ మళ్లీ నిర్మించాడు.

మొదటి వైపు

గ్లోరియా గేనర్ ఈ సన్నివేశంలోకి అనుకోకుండా వచ్చిన కొత్త గాయని కాదు. 1943లో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్ నగరంలో గ్లోరియా ఫౌల్స్‌గా పుట్టిన ఆమె, 1965లోనే జానీ నాష్ సంస్థకు ఒక సింగిల్ పాడింది. గేనర్ అనే వేదిక పేరు కూడా అప్పుడే పుట్టింది. ఆ రికార్డు అమ్ముడుపోకపోవడంతో తరవాత ఎన్నో ఏళ్లు సోల్ శాటిస్‌ఫయర్స్ వంటి బృందాలతో క్లబ్బుల్లో పాడుతూ గడిపింది. రాత్రికి పలుమార్లు, ఇతరుల పాటలను, జనం ఆడటానికి వీలుగా పాడవలసిన ఆ వృత్తి ఆమె కంఠానికి నిలకడనిచ్చింది. క్లైవ్ డేవిస్ ఆమెను కొలంబియా సంస్థలోకి తీసుకోగా 1973లో ‘హనీ బీ’ సింగిల్‌గా వచ్చింది గాని, అదే ఏడాది డేవిస్‌ను ఆ సంస్థ తొలగించడంతో ఆమె ఎం.జి.ఎం.కు మారింది.

అక్కడ ఆమె రికార్డుల నిర్మాణాన్ని మీకో మొనార్డో, టోనీ బాంజోవి, జే ఎల్లిస్ చేపట్టారు. మొనార్డో ట్రాంబోన్ వాద్యకారుడు, వాద్య సంవిధాన నిపుణుడు. బాంజోవి చిన్న వయసులోనే మోటౌన్‌లో ఇంజనీరుగా అనుభవం గడించినవాడు. వారు ఎంచుకున్న ‘నెవర్ కెన్ సే గుడ్‌బై’ని నటుడు, పాటల రచయిత క్లిఫ్టన్ డేవిస్ రాయగా 1971లో జాక్సన్ ఫైవ్ బృందం పాడింది, అదే ఏడాది ఐజాక్ హేస్ కూడా పాడాడు. రెండూ విడిచి వెళ్లలేని ప్రేమ బాధను నిదానంగా పలికించిన రూపాలే. గేనర్ రూపంలో వేగం బాగా పెరిగింది. డ్రమ్ములు ఫిలడెల్ఫియా పద్ధతిలో పరుగెత్తుతుంటే పైన వయొలిన్లు దూసుకుపోతాయి. మాటలు విషాదాన్ని చెబుతుండగా దరువు ఆడమంటుంది. ఈ వైరుధ్యం తరవాత డిస్కో సంగీతానికి సహజ లక్షణమైంది. 1974 చివరిలో సింగిల్‌గా వచ్చిన ఈ పాట అమెరికన్ జాబితాలో తొమ్మిదో స్థానాన్ని, బ్రిటన్‌లో రెండో స్థానాన్ని అందుకుంది; బిల్‌బోర్డ్ కొత్తగా మొదలుపెట్టిన డిస్కో జాబితాలో ప్రథమ స్థానం పొందిన తొలి పాట కూడా ఇదే.

ఆల్బమ్ రూపకల్పనలో మౌల్టన్ ఈ విజయాన్ని మధ్యలో ఉంచి, ముందు ‘హనీ బీ’నీ, తరవాత ‘రీచ్ అవుట్’నూ చేర్చాడు. ఒక్కొక్కటీ ఆరు నిమిషాలకు కాస్త పైగా సాగుతుంది. సింగిల్ మీద ఆ పాటలు పల్లవి, చరణాలు అనే పరిచిత నిర్మాణంలోనే ఉంటాయి. ఇక్కడ చరణాలు ముగిశాక కంఠం తప్పుకుంటుంది, వాద్యాలు ఒక్కొక్కటిగా పలచబడి దరువు మాత్రమే మిగులుతుంది, అది తిరిగి నిండుకుంటుండగా మళ్లీ కంఠం ప్రవేశిస్తుంది. ఒక పాటలోని చివరి దరువు మీదుగానే తరవాతి పాట మొదలవుతుంది కాబట్టి వినేవారికి హద్దు తెలియదు, ఆడేవారికి అడుగు తప్పదు.

ఈ వరుసలో ఒక ఆలోచన కూడా కనిపిస్తుంది. తీపి మాటలతో ప్రియుణ్ని పలకరించే పాటతో మొదలై, విడిపోలేని బాధ గుండా సాగి, కష్టంలో చేయి చాచమని ధైర్యం చెప్పే పాటతో ఈ వైపు ముగుస్తుంది. వేర్వేరు రచయితలు వేర్వేరు సందర్భాల్లో రాసినవైనా ఒకే కంఠం, ఒకే దరువు కలిపి నడిపించడం వల్ల మూడూ ఒకే మనిషి అనుభవంలోని దశల్లా వినిపిస్తాయి. ఎనిమిదేళ్ల కిందట కారు రేడియో కోసం తయారైన మోటౌన్ పాట ఇక్కడ నృత్యశాలలో పతాక ఘట్టమైంది. డీజేకు ఇది సిద్ధంగా దొరికిన 19 నిమిషాల మిశ్రమం. ఇంట్లో కొనుక్కున్నవారికి నృత్యశాలకు వెళ్లకుండానే అక్కడి రాత్రిలో ఒక భాగం. 1975లో న్యూయార్క్ డిస్కో డీజేలు ‘లె జార్డిన్’ అనే శాలలో గేనర్‌కు డిస్కో రాణిగా కిరీటం పెట్టారు.

గాయని స్థానం

ఆ కిరీటం వెనక ఒక చిక్కు ఉంది. మొదటి వైపును తొలిసారి విన్నప్పుడు తాను పాడినది అందులో చాలా తక్కువగా ఉందని గేనర్ వ్యాఖ్యానించినట్టు మౌల్టన్ తరవాతి కాలంలో చెప్పాడు. ఆ స్పందనలో న్యాయం ఉంది. సోల్ సంప్రదాయంలో పాట గాయనిది; వాద్యాలు ఆమెను అనుసరిస్తాయి. ఈ వైపున దరువు శాశ్వతంగా ఉంటుంది, గాయని వచ్చి పోతుంటుంది. ఆమె ఎప్పుడు రావాలో, ఎంతసేపు మౌనంగా ఉండాలో ఆమె పాడి వెళ్లిన తరవాత మరొకరు టేపు మీద నిర్ణయించారు. వేదిక మీద ఈ రూపాన్ని ప్రదర్శించాలంటే పాడని నిమిషాలను ఏం చేయాలనే సమస్య కూడా ఆమెదే.

ఆల్బమ్‌లోని రెండో వైపు ఈ నేపథ్యంలో కొత్త అర్థం సంతరించుకుంటుంది. అక్కడి అయిదు పాటలు విడివిడిగా, చిన్నవిగా, గాయని ముందుండి నడిపించే పాత పద్ధతిలో ఉన్నాయి. విమర్శకులు సాధారణంగా వీటిని ఖాళీ నింపడానికి చేర్చినవిగా దాటవేస్తారు గాని, మొదటి వైపు ఎంత కొత్తదో కొలవడానికి ఇవే గీటురాయి. ఒకే గాయని, ఒకే నిర్మాతలు, ఒకే కాలం. మారినది వినేవారిని ఊహించుకున్న తీరు మాత్రమే. రేడియో ముందు కూర్చున్నవారికి గాయని కావాలి, శాలలో ఆడుతున్నవారికి ఆగని దరువు కావాలి. ఒకే ప్లేటుకు ఇరువైపులా ఈ రెండు ఊహలూ నిలిచి ఉండటం 1975 నాటి సంధికాలాన్ని స్పష్టంగా చూపిస్తుంది.

పేరు దక్కే విషయంలోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. గంటల లెక్కన జీతం తీసుకుని వాయించిన స్టూడియో కళాకారులు నాటి పద్ధతిలో తెరవెనకే ఉండిపోగా, మిక్సింగ్ చేసిన వ్యక్తి పేరుకు మార్కెట్లో విలువ ఏర్పడింది. తరవాతి కొద్ది సంవత్సరాల్లో రికార్డు మీద మౌల్టన్ మిక్స్ అని రాసి ఉంటే, గాయకుడెవరో తెలియకపోయినా డీజేలు దానిని చేతిలోకి తీసుకునే పరిస్థితి వచ్చింది.

ఒక వైపు నుంచి ఒక సంప్రదాయం

ఈ నమూనాను పరిశ్రమ వెంటనే అందిపుచ్చుకుంది. గేనర్ రెండో ఆల్బమ్ ‘ఎక్స్‌పీరియన్స్ గ్లోరియా గేనర్’ 1975లోనే వచ్చింది. దాని మొదటి వైపూ ఆగకుండా సాగేదే. అదే ఏడాది మ్యూనిక్ నగరంలో జార్జో మొరోడర్, పీట్ బెలాట్‌లతో కలిసి డొనా సమ్మర్ రికార్డు చేసిన ‘లవ్ టు లవ్ యూ బేబీ’ని, కాసబ్లాంకా సంస్థ అధిపతి నీల్ బోగార్ట్ కోరిక మేరకు ఒకే పాట ఒక వైపునంతా ఆక్రమించేలా సుమారు 17 నిమిషాలకు పెంచారు. 1977లో మౌల్టన్ స్వయంగా నిర్మించిన గ్రేస్ జోన్స్ తొలి ఆల్బమ్ ‘పోర్ట్‌ఫోలియో’ మొదటి వైపున మూడు రంగస్థల గీతాలు ఆగని మాలికగా వచ్చాయి.

మరోవంక, ఒకే పాటను ఎక్కువసేపు, బలమైన శబ్దంతో వినిపించడానికి 12 అంగుళాల ప్లేటు మీద ఒక్క పాటనే విశాలమైన గాడులతో చెక్కే పద్ధతి మొదలైంది. మౌల్టన్, చెక్కుడు ఇంజనీరు హోసే రోడ్రిగెజ్ 7 అంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోయిన ఒక సందర్భంలో పెద్ద ప్లేటు మీద పాటను చెక్కి చూడటంతో దీనికి బీజం పడింది. 1976లో సాల్సోల్ సంస్థ ‘టెన్ పర్సెంట్’ పాటను ఈ రూపంలో దుకాణాలకు పంపడంతో అది వ్యాపార వస్తువైంది. అప్పటి నుంచి డీజేలకు ఎల్.పి. వైపు కన్నా ఈ 12 అంగుళాల సింగిలే ముఖ్య పరికరమైంది.

గేనర్ కథలో మలుపు కూడా రికార్డు వైపులతోనే ముడిపడి ఉంది. 1978లో వెలువడిన ఒక సింగిల్‌కు సంస్థ ఎంచుకున్న ప్రధాన గీతం ‘సబ్‌స్టిట్యూట్’ కాగా, రెండో వైపున ‘ఐ విల్ సర్వైవ్’ ఉంది. డీజేలు ప్లేటు తిప్పి రెండో వైపునే వాయించడంతో 1979 మార్చిలో అది అమెరికాలో ప్రథమ స్థానానికి చేరింది. ఆ మరుసటి ఏడాది, ఒకే ఒక్కసారి ఇచ్చిన ఉత్తమ డిస్కో రికార్డింగ్ గ్రామీ పురస్కారం దానికి దక్కింది. ఆ పాటలో దరువు ఉన్నా, మొదటి పలుకు నుంచి చివరి దాకా గాయనే నడిపిస్తుంది. తొలి ఆల్బమ్‌లో విడివిడిగా రెండు వైపులకు పంచిన నృత్యం, గానం అక్కడ ఒకే పాటలో కలిశాయి.

1979 జులై 12న చికాగోలోని కోమిస్కీ పార్క్ క్రీడా మైదానంలో డిస్కో రికార్డుల గుట్టను పేల్చివేసిన ప్రదర్శన తరవాత, డిస్కో అనే పేరుకు అమెరికన్ సంస్థలు దూరం జరిగాయి. నల్లజాతివారూ, స్వలింగ ప్రేమికులూ పెంచిన సంగీతం పట్ల ద్వేషం ఆ ప్రదర్శనలో పనిచేసిందని చరిత్రకారులు అనేకులు గుర్తించారు. అయితే సంగీతం ఆగలేదు; అదే నగరంలో ఫ్రాంకీ నకిల్స్ వంటి డీజేలు పాత డిస్కో రికార్డులను కోసి, కలిపి, యంత్రపు దరువులు చేర్చి హౌస్ అనే శైలికి రూపమిచ్చారు.

భారతదేశానికి ఈ సంగీతం వచ్చిన దారి వేరు. బెంగళూరు నుంచి లండన్ చేరిన బిడ్డు 1974లోనే ‘కుంగ్ ఫూ ఫైటింగ్’తో ప్రపంచ విజయం సాధించి, 1980లో ‘కుర్బానీ’ చిత్రానికి నాజియా హసన్ చేత పాడించాడు. 1982 నాటి ‘డిస్కో డాన్సర్’కు బప్పీ లహరి సంగీతమిచ్చాడు, ఆ కథే 1984లో తెలుగులో ‘డిస్కో కింగ్’ అయింది, 1986లో ‘సింహాసనం’ ద్వారా లహరి తెలుగు సినిమాకే వచ్చాడు. ఇక్కడికి చేరినవి దరువు, దుస్తులు, రంగు దీపాలు. కథలోని సన్నివేశానికి లోబడే సినిమా పాటకు నిడివి ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి ఆగని వైపు అనే నిర్మాణానికి మాత్రం ఇక్కడ చోటు దొరకలేదు.

ప్రవాహం ఎవరి చేతిలో

సీడీలు వచ్చాక రికార్డుకు వైపులే లేకుండా పోయాయి. ఆ తరవాత వచ్చిన ఇంటర్నెట్ వేదికలు ఆల్బమ్‌ను మళ్లీ విడిపాటలుగా చీల్చాయి. అయినా నృత్య సంగీతాన్ని తలపెట్టిన గాయనులు ఆగని ప్రవాహం వైపు మళ్లీ మళ్లీ వచ్చారు. 1987లో మడోనా ‘యూ కెన్ డాన్స్’ అనే మిక్సుల సంపుటిని, 2005లో స్టూవర్ట్ ప్రైస్‌తో కలిసి నిర్మించిన ‘కన్ఫెషన్స్ ఆన్ ఎ డాన్స్ ఫ్లోర్’ను పాటల మధ్య ఖాళీ లేకుండా కూర్చింది. 2022లో బియాన్సే తెచ్చిన ‘రెనసాన్స్’ డిస్కో, హౌస్ సంప్రదాయాలను, వాటిని పోషించిన నల్లజాతి స్వలింగ సమాజాన్ని బాహాటంగా స్మరిస్తూ, ఒక పాట నుంచి మరొక పాటలోకి దరువు తెగకుండా నడుస్తుంది.

ఈ వరుసను గేనర్ తొలి ఆల్బమ్‌తో పోల్చితే సారూప్యం కన్నా తేడాయే ఎక్కువ బోధపరుస్తుంది. 1975లో ప్రవాహాన్ని రూపొందించినది మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్న వ్యక్తి. తన కంఠం దానిలో ఏ పాత్ర వహించిందో గాయని అది తయారయ్యాకే విన్నది. మడోనా సహ నిర్మాతగా, బియాన్సే ముఖ్య నిర్మాతగా తమ ఆల్బమ్‌ల క్రమాన్ని తామే నిర్ణయించారు. నృత్యశాలలో ఆడిన అజ్ఞాత జనం అవసరంగా పుట్టి, ఒక సాంకేతికుడి చేతిలో రూపం దాల్చి, చివరికి గాయనుల అధీనంలోకి వచ్చిన ఈ నిర్మాణానికి తొలి మెట్టు గేనర్ ఆల్బమే. ఆమె లేవనెత్తిన అభ్యంతరం, అంటే ఇందులో తన గానం ఎక్కడుందన్న ప్రశ్న, ఆ మెట్టు మీద నిలబడే పుట్టింది. దానికి ఆమెకు అప్పుడు సమాధానం దొరకకపోయినా, తరవాతి తరం గాయనులు మిక్సింగ్ బల్ల దగ్గర తమ చోటు సంపాదించుకుని ఆ ప్రశ్నను తీర్చుకున్నారు.